సంగీతంలో పీహెచ్‌డీ: కోనసీమ ఇంటి నుంచి వైవా గది దాకా ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

ఎంఏ మ్యూజిక్ పూర్తి చేసి ఇంట్లో పిల్లలకు గీతాలు, వర్ణాలు చెప్పుకుంటున్నవాళ్ళు, స్కూళ్ళలో మ్యూజిక్ టీచర్లు, అమలాపురం, రావులపాలెం, భీమవరం వైపు నుంచి అందరూ నన్ను అడిగేది ఒకటే: "పీహెచ్‌డీ చేయాలనుందండి, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఫోన్‌లో ఎంత చెప్పినా సగం మిగిలిపోతోంది. అందుకే మొదటి నుంచి వరసగా రాస్తున్నాను. నా పరిశోధన హరికథలోని పద్యగానం మీద. కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. పద్ధతి మాత్రం వీణకైనా, కృతులకైనా, ఊడుపుల (వరినాట్ల) పాటలకైనా ఒకటే.

## 1. ముందు అర్హత చూసుకోండి, కాగితాలు సర్దుకోండి

ఇప్పుడు నడుస్తున్నవి యూజీసీ 2022 నవంబరులో ఇచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు. మనకు పనికొచ్చే ముక్కలు ఇవి:

- పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్ళకు 5 శాతం సడలింపు ఉంటుంది.
- సంగీత కళాశాల సర్టిఫికెట్, డిప్లొమా మాత్రమే ఉంటే చాలదు. ఎంత పెద్ద గురువు దగ్గర నేర్చుకున్నా పీజీ కాగితం అడుగుతారు.
- నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం వచ్చినవాళ్ళు పీజీ లేకుండానే నేరుగా రావచ్చు.
- కాలం కోర్సు వర్క్‌తో (మొదట్లో చదివి పాసవ్వాల్సిన పేపర్లతో) కలిపి కనీసం 3 ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ళు. మరో 2 ఏళ్ళు పొడిగింపు అడగవచ్చు. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవాళ్ళకు అదనంగా ఇంకో 2 ఏళ్ళ వెసులుబాటు ఉంది.
- మహిళలకు ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం మొత్తం కాలంలో 240 రోజుల వరకు సెలవు ఇస్తారు. "పాప చిన్నది, చేయగలనా?" అని అడిగేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.
- దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ లేదు. ఎంఫిల్ కూడా ఎత్తేశారు. ఈ పేర్లు చెప్పి ఎవరు డబ్బు అడిగినా కట్టకండి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. దానికి మీ సంస్థ ఇచ్చే ఎన్ఓసీలో (అభ్యంతరం లేదనే పత్రంలో) మూడు మాటలు ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇస్తున్నాం, పరిశోధనకు సరిపడా సమయం దొరుకుతుంది, అవసరమైతే కోర్సు వర్క్ కోసం విధుల నుంచి వదులుతాం. "మాకు అభ్యంతరం లేదు" అని ఒక్క వాక్యం రాయించుకుని వెళ్తే తిప్పి పంపుతారు. ఈ మూడూ మీరే టైప్ చేసి తీసుకెళ్ళి సంతకం అడగండి, పని తేలిక.

కాగితాల ఫైలు:

- పదో తరగతి నుంచి పీజీ దాకా మెమోలు, ఒరిజినల్ డిగ్రీ, టీసీ, మైగ్రేషన్.
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు, తాజా తేదీతో.
- అన్నింటిలో పేరు ఒకేలా ఉందా? ఒక మెమోలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, పెళ్ళయ్యాక మరొకటి. మన దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నోటిఫికేషన్ రాకముందే సరిచేయించుకోండి.

## 2. అంశం: పాటను ప్రశ్నగా మార్చడం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఆరు నెలలు పట్టినా నష్టం లేదు.

మనవాళ్ళు తెచ్చే అంశాలు సాధారణంగా ఇలా ఉంటాయి: "ఫలానా విద్వాంసుడి జీవితం, సంగీత సేవ", "గోదావరి జిల్లాల జానపద సంగీతం, ఒక పరిశీలన". గౌరవంతో, ప్రేమతో ఎంచుకున్నవే. కానీ వాటిలో ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే జవాబు ఉండదు. నాలుగేళ్ళు సేకరించిన సమాచారం నాలుగు వందల పేజీల్లో కుప్పగా పడి ఉంటుంది.

వాటినే ప్రశ్నలుగా ఎలా మార్చాలో చూడండి.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో మన శంకరగుప్తంలోనే పుట్టారు. "ఆయన సంగీత సేవ" అంటే సముద్రం. ఆయన నాలుగే స్వరాలతో చేసిన మహతి, లవంగి లాంటి రాగాలు తీసుకోండి. అంత తక్కువ స్వరాలతో ఆలాపన ఎలా పెరుగుతుంది? వైవిధ్యం గమకం నుంచి వస్తోందా, స్థాయి మార్పు నుంచా, కాలం నుంచా? రికార్డింగులు వింటూ లెక్కించి చెప్పగలిగిన ప్రశ్న ఇది.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారు. ఇద్దరూ వాయించిన ఒకే రాగం పక్కపక్కన పెట్టి, ఒక్క మీటు మీద ఎన్ని స్వరాలు లాగుతున్నారో, ఎక్కడ మళ్ళీ మీటుతున్నారో చూడండి. గురువు నుంచి శిష్యుడికి ఏది వచ్చింది, ఏది మారింది? ఇది కూడా తేలే ప్రశ్నే.

ఊడుపుల పాటలైతే, నాట్లు యంత్రాలతో వేస్తున్న ఊళ్ళలో ఆ పాటలు ఎక్కడికి వెళ్ళాయి? పెళ్ళి ఇళ్ళకా, భజన గుంపులకా? అక్కడికి వెళ్ళాక వాటి నడక మారిందా?

పాత పుస్తకాల వైపు మనసు పోయేవాళ్ళకు మన భాషే పెద్ద ఆస్తి. సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు రాతప్రతులు బోలెడున్నాయి. ఇతర రాష్ట్రాల విద్యార్థులు అనువాదం మీద ఆధారపడే చోట మీరు మూలం చదవగలరు. ఆ బలాన్ని వాడుకోండి.

అంశం ఖాయం చేసేముందు ఈ ఐదు చూడండి:

- ప్రశ్నను ఒక్క వాక్యంలో, చివర ప్రశ్నార్థకంతో రాయగలిగారా?
- జవాబు మీరు అనుకున్నదానికి ఎదురుగా వచ్చే అవకాశం ఉందా? లేకపోతే అది ప్రశ్న కాదు.
- దానికి కావలసిన పాట, మనిషి, రికార్డింగు, పుస్తకం మీకు అందుబాటులో ఉన్నాయా?
- శోధ్‌గంగలో (మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైటులో) వెతికారా? తెలుగులో, ఇంగ్లీషులో, రెండు మూడు స్పెల్లింగులతో వెతకండి. హరికథ అనే మాటే ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా కనిపిస్తుంది.
- మూడేళ్ళపాటు రోజూ వినగలరా? విసుగు పుట్టే పాట మీద పరిశోధన సాగదు.

ఎక్కువగా జరిగే తప్పు: సొంత గురువు గారి మీదే అంశం తీసుకోవడం. అభిమానం తప్పు కాదు. కానీ ఆయన పాటలో లోపం కనిపిస్తే రాయగలరా? రాయలేనంటే, ఆయన బాణీలోని ఒక అంశాన్ని మరో బాణీతో పోల్చే ప్రశ్నగా మార్చుకోండి. అప్పుడు పొగడ్త అవసరం ఉండదు, విమర్శ నేరంగా అనిపించదు.

## 3. గైడ్‌ను వెతకడం

ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం, మద్రాసు విశ్వవిద్యాలయం మనవాళ్ళు ఎక్కువగా చూసేవి. ఊరికి దగ్గరని కాకుండా, మీ ప్రశ్నకు దగ్గరి పని ఎవరు చేశారో చూసి ఎంచుకోండి.

ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ళకన్నా తక్కువ సర్వీసు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. సంగీత విభాగాలు చిన్నవి, సీట్లు రెండో మూడో ఉంటాయి. అందుకని మొదటి ఉత్తరంలోనే ఖాళీ ఉందా అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీరెవరో రెండు వాక్యాలు, మీ ప్రశ్న ఒక వాక్యం, ఆయన లేక ఆమె రాసిన వ్యాసం ఒకటి చదివి మీకు తట్టిన సందేహం, చివర ఖాళీ గురించి. "గౌరవనీయులైన మేడం గారికి, మీ పాదపద్మాలకు" అంటూ సగం పేజీ నింపకండి. జవాబు రాకపోతే మూడు వారాలు ఆగి మళ్ళీ ఒకసారి రాయండి, వీలైతే స్వయంగా వెళ్ళి కలవండి.

అంశంలో భాషాశాస్త్రమో, చరిత్రో, నాటకరంగమో కలిసి ఉంటే వేరే విభాగం నుంచి కో-గైడ్‌ను అడగవచ్చు. నాకు పద్యఛందస్సు తెలిసిన తెలుగు అధ్యాపకులు కో-గైడ్‌గా దొరకడం వల్లే యతి దగ్గర గాయకుడు ఎందుకు ఆగుతాడో, ఎందుకు ఆగడో అర్థమైంది.

## 4. నెట్, ఇంటర్వ్యూ

2024-25 నుంచి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశాలు చేసుకునే పద్ధతి వచ్చింది. నెట్‌లో మూడు మెట్లున్నాయి: జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఫెలోషిప్ డబ్బు వచ్చేది); అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం; పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. కింది రెండింటికీ నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ప్రవేశానికి ఆ స్కోరు ఏడాదిపాటే చెల్లుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం ఏపీఆర్‌సెట్ (ఆంధ్రప్రదేశ్ పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్ మీద కూడా కన్నేసి ఉంచండి, అందులో సంగీతం ఉందో లేదో సబ్జెక్టుల జాబితాలో చూసుకోండి.

నెట్ పరీక్ష మూడు గంటలు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండో పేపరు సంగీతం, 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకండి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000.

మన పిల్లలు దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది, సంగీతం పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. మనకు తెలిసిన విషయమే ఇంగ్లీషులో చూస్తే గుర్తుపట్టలేం. ఒక నోట్‌బుక్ పెట్టి ఎడమ పేజీలో తెలుగు మాట, కుడి పేజీలో ఇంగ్లీషు మాట రాసుకోండి. రెండోది, హిందుస్తానీ పదాలు. "నేను కర్ణాటకం కదా" అని థాట్, ఘరానాలు వదిలేస్తారు. రోజుకు అరగంట వాటికి పెట్టండి.

ఇంటర్వ్యూలో పాడమంటారు. పల్లవి ఎత్తుకుని మూడు సంగతులు పాడగానే ఆపి, "ఈ సంగతిలో ఏం మారింది?" అని అడుగుతారు. పాడటానికి చేసినంత సాధనే చెప్పడానికీ చేయండి. ఇంట్లో అద్దం ముందు కాదు, సంగీతం తెలియని మనిషి ముందు చెప్పి చూడండి. మా పిన్నికి అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున నాకు టెన్షన్ పోయింది.

## 5. సినాప్సిస్

సినాప్సిస్ అంటే మీ పరిశోధన ప్రణాళిక. పది పన్నెండు పేజీలు చాలు. వరస ఇది: ప్రశ్న, ఇంతకుముందు ఎవరు ఏం చేశారు, వాళ్ళు వదిలిన చోటు, ఏ సామగ్రి తీసుకుంటారు, దాన్ని ఎలా పరిశీలిస్తారు, ఎప్పటికి ఏది పూర్తవుతుంది.

"ఎలా పరిశీలిస్తారు" అన్న చోట చాలామంది రెండు వాక్యాలు రాసి ఊరుకుంటారు. కమిటీ పట్టుకునేది అక్కడే. ఎన్ని రికార్డింగులు, ఏ కాలానివి, వాటిలో ఏం లెక్కిస్తారు, ఎలా లెక్కిస్తారు అన్నీ రాయండి. "20 హరికథా ప్రదర్శనలు, ఒక్కో ప్రదర్శనలో 5 పద్యాలు" అని రాసినప్పుడే మీ పని ఎంతో మీకూ తెలుస్తుంది.

## 6. మొదటి ఏడాది

కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు. రీసెర్చ్ మెథడాలజీతో పాటు పరిశోధన, ప్రచురణ నీతి పేపరు తప్పనిసరి. కోర్సు వర్క్‌లో 55 శాతం రాకపోతే ముందుకు సాగనివ్వరు. ప్రతి సెమిస్టరు సలహా కమిటీ ముందు ఏం చేశారో చెప్పాలి. ఆ రోజు ఇచ్చిన సూచనలు తేదీ వేసి రాసుకోండి, వచ్చేసారి వాటికే మొదట జవాబు చెప్పండి.

ఈ ఏడాదే గ్రంథాలయాల పని ముగించండి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, మద్రాసు మ్యూజిక్ అకాడమీ పత్రిక పాత సంచికలు, తంజావూరు. ఫొటో తీసిన ప్రతి పేజీకీ ముందు ఆ పుస్తకం టైటిల్ పేజీ ఫొటో తీయండి. నేను అలా తీయని 60 పేజీలు ఏ పుస్తకంలోవో ఇప్పటికీ తెలియదు. వాటిలో ఒక్క వాక్యం కూడా థీసిస్‌లో వాడుకోలేకపోయాను.

## 7. ఫీల్డ్‌వర్క్

### 7.1 క్యాలెండరు

డెల్టాలో పాటకు కాలం ఉంది. ఆ కాలం తప్పితే ఏడాది పోతుంది.

- సంక్రాంతి, కనుమ: జగ్గన్నతోట ప్రభల తీర్థం. వాద్యాలు, మేళాలు ఒకేచోట దొరుకుతాయి. కానీ రికార్డింగుకు రద్దీ, బాణసంచా. మనుషులను పరిచయం చేసుకోవడానికి వెళ్ళండి, రికార్డింగు తర్వాత వాళ్ళ ఇళ్ళ దగ్గర.
- భీష్మ ఏకాదశి: అంతర్వేది రథోత్సవం. నరసాపురం వైపు నుంచి వెళ్ళేవాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) కోసం ఎంతసేపు ఆగాలో లెక్కలో వేసుకోండి.
- శివరాత్రి నుంచి శ్రీరామనవమి: హరికథలకు, పద్యనాటకాలకు మంచి అదను. పందిళ్ళలో రాత్రి పొద్దుపోయేదాకా.
- సార్వా (ఖరీఫ్) ఊడుపులు జూలై, ఆగస్టుల్లో. దాళ్వా (రబీ) నాట్లు డిసెంబరు, జనవరిల్లో. జూలై, ఆగస్టుల్లో వరద వస్తే లంక గ్రామాలకు దారి ఉండదు. లంకల పని దాళ్వాకు పెట్టుకోండి.
- అక్టోబరు, నవంబరు: తుపాన్ల కాలం. ఇంట్లో కూర్చుని విన్నవి రాసుకునే నెలలు ఇవి.

హరికథ మీద పని చేసేవాళ్ళు కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాలకు వెళ్ళాలి. అక్కడ ప్రదర్శన కన్నా ముందు నేర్పే క్రమం కనిపిస్తుంది.

### 7.2 సంచీలో ఉండాల్సినవి

- రికార్డరు. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియోలో గంటకు ఒక జీబీ పైనే అవుతుంది, కార్డులు రెండు పెట్టుకోండి.
- మైకుకు గాలి తగలకుండా తొడుగు. ఏటిగట్టు మీద ఇది లేకపోతే వినపడేది గాలే.
- విడి బ్యాటరీలు. కరెంటును నమ్ముకోవద్దు.
- శ్రుతి పెట్టె, లేదా ఫోన్‌లో శ్రుతి.
- అనుమతి పత్రం తెలుగులో, పెద్ద అక్షరాల్లో.
- నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటుంటే ఎదుటివాళ్ళు మీరు చాటింగ్ చేస్తున్నారనుకుంటారు.

### 7.3 రికార్డు చేసే వరస

ముందు రోజు ఉత్త చేతులతో వెళ్ళండి. మాట్లాడండి, వాళ్ళు ఇచ్చిన కాఫీ తాగండి. రికార్డరు బయటికి తీయకండి.

మర్నాడు అనుమతి పత్రం చదివి వినిపించండి. ఈ పాట ఎవరు వింటారు, పేరు వేయాలా వద్దా, ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా అని మూడూ విడివిడిగా అడగండి. ఒకదానికి ఒప్పుకుని మరోదానికి ఒప్పుకోకపోవచ్చు. నేను రికార్డు చేసిన ఒక పెద్దాయన, "పాడితే సరిపోదేంటండీ, మళ్ళీ సంతకం ఎందుకూ?" అన్నారు. "మీ పాట మీది కాబట్టి, దాసు గారూ" అన్నాను. సంతకం చేసి, తర్వాత ఒక మంగళహారతి మాత్రం ఎక్కడా పెట్టవద్దన్నారు. అది వాళ్ళమ్మగారు నేర్పినదట. అది నా దగ్గరే ఉంది, థీసిస్‌లో లేదు.

రికార్డరు నొక్కగానే మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరు పాడుతున్నారో చెప్పండి. తర్వాత పది సెకన్లు ఉత్త శ్రుతి వినిపించండి. ఈ పది సెకన్లే తర్వాత మీ కొలతలన్నింటికీ ఆధారం. శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకుంటే గొంతెత్తినప్పుడు పగలదు.

ఇప్పుడు గజ్జెల సంగతి. హరికథకుడి కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు ఉంటాయి. చెవికి ఎంత హాయిగా ఉన్నా, కంప్యూటరులో చూస్తే స్వరం మీద ఇసక చల్లినట్టు కనిపిస్తుంది. నా మొదటి ఏడు రికార్డింగులు అలా పోయాయి. తర్వాత రెండు పనులు చేశాను. మైకును నేల నుంచి ఎత్తి, గొంతు ఎత్తున, గజ్జెలకు దూరంగా పెట్టాను. ప్రదర్శన అయిన మర్నాడు ఉదయం అవే పద్యాలను గజ్జెలు లేకుండా కూర్చుని పాడమని అడిగాను. ఈ రెండింటినీ ఒకటిగా చూడకండి. కూర్చుని పాడినప్పుడు పద్యం నిదానమవుతుంది, రాగం ఇంకొంచెం విప్పుతారు. కథలో పాడినది ఒక ఆధారం, కూర్చుని పాడినది మరో ఆధారం.

### 7.4 ఇంటికొచ్చిన రాత్రే చేయాల్సినవి

- ఫైలు పేరు మార్చండి: తేదీ, ఊరు, వరస సంఖ్య.
- మూడు కాపీలు: లాప్‌టాప్, విడి హార్డ్‌డిస్క్, ఒకటి వేరే ఇంట్లో.
- వాట్సాప్‌లో పంపుకుని అదే దాచుకున్నామనుకోకండి. అది శబ్దాన్ని కుదించేస్తుంది, కొలతలకు పనికిరాదు.
- ఒక పేజీ డైరీ రాయండి. ఎవరు పక్కన కూర్చున్నారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత ఇవేవీ గుర్తుండవు.

## 8. విన్నదాన్ని రాయడం

కృతిని స్వరపరచడం మనకు అలవాటే. పద్యానికి తాళం లేదు, అందుకే చేయి ఆగిపోతుంది. ఆదితాళం గళ్ళలో పద్యాన్ని ఇరికించకండి. ఎడమ నిలువు వరసలో సెకన్లు, మధ్యలో సాహిత్యం, కుడి వైపు స్వరాలు. యతి, ప్రాస ఉన్న అక్షరాలకు కింద గీత. ఇలా రాస్తే గాయకుడు ఏ అక్షరం మీద ఎంతసేపు నిలిచాడో కళ్ళకు కనిపిస్తుంది.

ఆడాసిటీలో ముక్కలు చేసుకోండి. సోనిక్ విజువలైజర్‌లోగానీ, ప్రాట్‌లోగానీ స్వరం గీత చూడండి. మూడూ ఉచితమే.

ఒక కొలత చేసి చూపిస్తాను. గాయకుడి శ్రుతి రెండు, అంటే షడ్జమం సుమారు 146.8 హెర్ట్జ్. పద్యంలో నిలిపిన గాంధారం 183 హెర్ట్జ్ ఉంది. 183ను 146.8తో భాగించి, వచ్చినదానికి 2 ఆధారంగా లాగరిథం తీసి, 1200తో గుణిస్తే సుమారు 382 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత, ఒక స్థాయికి 1200) వస్తుంది. హార్మోనియం మెట్టు మీద అంతర గాంధారం 400 సెంట్లు. అంటే పక్కన హార్మోనియం మోగుతున్నా గాయకుడు దానికన్నా 18 సెంట్లు కింద నిలిచాడు. ఒక్కసారి జరిగితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అదే గాయకుడు వేరే రోజుల్లో, వేరే పద్యాల్లో మళ్ళీ అక్కడే నిలుస్తుంటే అది రాయాల్సిన విషయం.

తప్పు: కంప్యూటరు చూపిన గీతను చెవితో సరిచూసుకోకుండా వాడటం. పక్కన వయొలిన్ ఉంటే అది వయొలిన్ స్వరాన్ని పట్టుకుని గొంతు అని చూపిస్తుంది. ముందు విని రాయండి, తర్వాత కొలవండి, తేడా వస్తే మళ్ళీ వినండి.

మరో తప్పు: అన్నీ రికార్డు చేశాక ఒకేసారి రాద్దామనుకోవడం. పది నిమిషాల పద్యగానానికి నాకు రెండు మూడు రోజులు పట్టేది. మొదటి మూడు రికార్డింగులు రాసి గైడ్‌కు చూపించి, పద్ధతి ఖాయం చేసుకున్నాకే మిగతావి.

## 9. థీసిస్ టైప్ చేయడం

థీసిస్ ఏ భాషలో రాయవచ్చో చేరేటప్పుడే విభాగంలో అడిగి, రాతలో తీసుకోండి.

తెలుగులో రాస్తే మొదటి అక్షరం నుంచే యూనికోడ్. మా ఊరి డీటీపీ సెంటరులో నా మూడు అధ్యాయాలు అను ఫాంట్‌లో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్‌లో) కొట్టి ఇచ్చారు. సిమిలారిటీ రిపోర్టు (ఇతరుల రాతతో ఎంత పోలిక ఉందో చూపేది) కోసం ఇస్తే సాఫ్ట్‌వేర్‌కు ఒక్క తెలుగు మాట కూడా కనిపించలేదు. కన్వర్టరులో వేస్తే ఒత్తులు ఎగిరిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి నేనే కొట్టుకున్నాను, 45 రోజులు పట్టింది.

స్వరాల మీద, కింద పెట్టే స్థాయి చుక్కలు మరో తలనొప్పి. స్క్రీన్ మీద బాగానే ఉంటాయి, పీడీఎఫ్ చేశాక పక్క అక్షరం మీదికి జరుగుతాయి. ఒక్క పేజీ నొటేషన్ పట్టికలో వేసి, పీడీఎఫ్ చేసి, ప్రింటు తీసి చూశాకే మిగతాది మొదలుపెట్టండి.

ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సవరించి మళ్ళీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు ఆపుతారు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. పాటల సాహిత్యం మొత్తాన్ని ఉద్ధరణగా గుర్తించి, ఎక్కడిదో రాయండి. గుర్తించని కీర్తన కూడా కాపీగానే లెక్కకు వస్తుంది.

## 10. సమర్పణ, వైవా

ముందు సలహా కమిటీ ఎదుట ప్రీ-సబ్మిషన్. తర్వాత గైడ్ కాకుండా కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. సమర్పించిన ఆరు నెలల్లో మొత్తం ముగించాలని నిబంధన. ఆలస్యమైతే ఆ నిబంధన చూపిస్తూ మర్యాదగా ఉత్తరం రాయండి.

వైవాకు తీసుకెళ్ళాల్సినవి:

- ఐదారు ఆడియో ముక్కలు, ఒక్కోటి 30 సెకన్ల లోపు, లాప్‌టాప్‌లోనే. ఇంటర్నెట్ మీద ఆధారపడవద్దు.
- సొంత స్పీకరు. గదిలో ఉన్నది పనిచేయదనే అనుకుని వెళ్ళండి.
- పరీక్షకుల నివేదికల్లోని ప్రతి ప్రశ్నకూ మీ జవాబు, పేజీ నంబరుతో.
- శ్రుతి. ఎవరో ఒకరు తప్పకుండా "ఒకసారి పాడండమ్మా" అంటారు.

వైవా అయ్యాక థీసిస్ శోధ్‌గంగకు వెళ్తుంది, అక్కడ ఎవరైనా చదవవచ్చు. ఆ ఫైలు ఇచ్చేముందు అనుబంధాలు ఒక్కొక్క పేజీ తిప్పండి. కళాకారుల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు తీసేయండి. అనుమతి పత్రాలు పక్కన పెట్టుకుని, వద్దన్న పేరు, వద్దన్న పాట ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూడండి.